సంచార గృహాల్లో ప్రొపేన్ వాయువు: భద్రతా చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కారవాన్, గుడారం, మంచుప్రాంతపు గుడిసె, ఒక రాత్రి మజిలీకి అద్దెకు తీసుకున్న గది వంటి చిన్న ఆవాసాల్లో ప్రొపేన్ వాయువు వంటకూ వెచ్చదనానికీ ప్రధాన ఇంధనమైంది. దానివల్ల రెండు రకాల ప్రమాదాలున్నాయి. ఒకటి మండని వాయువు లీకై పేలడం. రెండవది మండిన వాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను వదలడం. మొదటి ప్రమాదానికి 20వ శతాబ్దం కృత్రిమమైన వాసనతో హెచ్చరికను కల్పించింది. ఆ హెచ్చరిక ఎంత విజయవంతమైందంటే, వాసన లేకపోతే ప్రమాదం లేదనే నమ్మకాన్ని కూడా అదే పెంచింది. 1596 నాటి నోవాయా జెమ్లియా గుడిసె నుంచి ఇటీవలి భారతీయ దుర్ఘటనల వరకు ఉన్న ఆధారాలతో ఈ పరిణామాన్ని చర్చించడం, అందులో తెలుగు పత్రికాభాష పాత్రను గుర్తించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ప్రొపేన్, ఎల్.పి.జి., కారవాన్, కార్బన్ మోనాక్సైడ్, మెర్కాప్టాన్, గాలి ప్రసరణ, పత్రికాభాష.

1. ఉపోద్ఘాతం

ఇల్లు కదలకుండా ఉన్నంతకాలం పొయ్యికీ పడకకీ మధ్య ఒక గోడో, వసారానో, కనీసం నాలుగడుగుల దూరమో ఉంటుంది. ఇల్లు చక్రాలెక్కినప్పుడు ఆ దూరం పోతుంది. వండేచోటే పడుకోవాలి, పడుకున్నచోటే చలి కాచుకోవాలి. ఈ ఇరుకులో నిప్పు ఎలా ప్రవర్తిస్తుందన్నది సంచార గృహాల చరిత్రలో కీలకమైన ప్రశ్న.

కారవాన్ అనగానే తెలుగువారికి సినిమా చిత్రీకరణ స్థలాల్లో నటీనటులు విశ్రమించే వాహనం గుర్తుకువస్తుంది. ఈ వ్యాసంలో ‘సంచార గృహం’ అనే మాటను అంతకంటే విస్తృతంగా వాడడం జరిగింది. ప్రయాణంలోనో, తాత్కాలిక మజిలీలోనో మనుషులు నిద్రించే చిన్న మూసిన ఆవాసం ఏదైనా ఈ పరిధిలోకి వస్తుంది. అటువంటి ఆవాసానికి పరస్పరం విరుద్ధమైన రెండు అవసరాలున్నాయి. చలి లోపలికి రాకూడదు, గాలి లోపలికి రావాలి. చలికి భయపడి సందులన్నీ మూసిన ప్రతిసారీ రెండవ అవసరం మరుగునపడింది. ప్రొపేన్ రాకముందే ఈ వైరుధ్యం ప్రాణాంతకమని రుజువైంది.

2. ప్రొపేన్‌కు పూర్వం: చలిగూటిలో నిప్పు

డచ్చి నావికుడు విలియం బారెంట్స్ మూడవ ధ్రువయాత్రలో 1596లో అతని ఓడ నోవాయా జెమ్లియా తీరాన మంచులో చిక్కుకుంది. నావికులు కొట్టుకువచ్చిన కలపతోనూ, ఓడ చెక్కలతోనూ ఒక గుడిసె కట్టుకుని ఆ శీతకాలాన్ని గడిపారు. ఆ బృందంలోని గెరిట్ డె వీర్ రాసిన దినచర్య 1598లో అచ్చయింది. 1596 డిసెంబరులో ఒక రాత్రి వారు ఓడలోని రాతిబొగ్గును తెచ్చి నిప్పు రాజేశారు. వెచ్చదనం బయటికి పోకూడదని పొగగొట్టాన్నీ తలుపునూ బిగించారు. కొంతసేపటికి అందరికీ తల తిరగసాగింది. కాస్త ఓపిక ఉన్నవారు లేచి తలుపు తెరవడంతో ప్రాణాలు నిలిచాయి. తలుపు తీసిన మనిషి మంచులోనే స్పృహతప్పి పడిపోయాడు.

ఆ నావికులను కూల్చినది చలి కాదు, పొగ కూడా కాదు. దాని పేరు తెలియడానికి రెండు శతాబ్దాలు పట్టింది. కార్బన్ మోనాక్సైడ్ అనేది కర్బనమూ ఆక్సిజనూ కలిసిన వాయువని 1800లో విలియం క్రూక్‌షాంక్ నిరూపించాడు. అది రక్తంలోని ఆక్సిజన్ స్థానాన్ని ఆక్రమిస్తుందని 1857లో ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ వెల్లడించాడు. 1890లలో బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ ఆ వాయువును తానే పీల్చి దాని ప్రభావాన్ని నమోదు చేశాడు. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మీద ఉన్న ఆకర్షణ కంటే ఈ వాయువు మీద ఉన్నది 200 రెట్లకు పైనే. అందువల్ల గాలిలో ఆక్సిజన్ తగినంత ఉన్నా శరీరానికి అది అందదు.

శాస్త్రం తెలిసిన తరువాత కూడా ఇదే ఘటన పునరావృతమైంది. 1934లో అమెరికన్ అన్వేషకుడు రిచర్డ్ బైర్డ్ అంటార్కిటికాలోని రాస్ మంచుపలకపై ఒక వాతావరణ పరిశీలన కేంద్రంలో ఒంటరిగా శీతకాలం గడిపాడు. 9 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవున్న ఆ గది మంచులో పూడి ఉండేది. బొగ్గుపొయ్యిని చమురుపొయ్యిగా మార్చి వాడేవాడు. దాని గొట్టం అతుకులు సరిగా అమరలేదు, గాలిగొట్టాలకు మంచు పట్టేది. మే చివర రేడియో కోసం నడిపిన జనరేటరు పొగవల్ల అతడు కుప్పకూలిపోయాడు. తరువాతి వారాల్లో విషం భయంతో పొయ్యిని గంటలకొద్దీ ఆర్పివేసి, చలిభయంతో మళ్లీ వెలిగించుకుంటూ గడిపాడు. తన అస్వస్థతను దాచినా, అతని రేడియో సందేశాలు తడబడుతుండడంతో సహచరులకు అనుమానం కలిగింది. ఆగస్టులో ముగ్గురు అతని వద్దకు చేరుకున్నారు. ఈ అనుభవాన్ని అతడు 1938లో ‘అలోన్’ అనే గ్రంథంగా వెలువరించాడు.

ఈ రెండు ఘటనలకూ మధ్య 338 సంవత్సరాల దూరం ఉంది. ఇంధనాలు వేరు, బాధితుల విజ్ఞానం వేరు. మూసిన సందులూ, మనిషికి తెలియకుండా కమ్మిన మత్తూ మాత్రం మారలేదు.

3. సంచార గృహంలోకి ప్రొపేన్

ప్రొపేన్‌ను 1857లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మార్సెలిన్ బెర్తెలో గుర్తించాడు. అది ఇంధనంగా మారడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1910లో అమెరికా గనుల సంస్థలో పనిచేస్తున్న వాల్టర్ స్నెల్లింగ్ పెట్రోలు నుంచి ఆవిరైపోతున్న వాయువులను పరిశీలిస్తూ, వాటిలో ప్రొపేన్, బ్యూటేన్‌లను వేరుచేసి ద్రవరూపంలో నిల్వచేసే పద్ధతిని రూపొందించాడు. 1912లో పెన్సిల్వేనియాలో ఒక ఇంటికి ఈ వాయువు అమరింది. 1913లో స్నెల్లింగ్‌కు పేటెంటు లభించింది.

సంచార గృహానికి ప్రొపేన్ సరిగ్గా సరిపోవడానికి కారణం దాని భౌతిక ధర్మమే. ఒత్తిడిలో అది ద్రవంగా ఉంటుంది, ఒత్తిడి తగ్గితే ద్రవ పరిమాణానికి దాదాపు 270 రెట్ల వాయువుగా వ్యాపిస్తుంది. చిన్న సిలిండరులో వారాలకు సరిపడే నిప్పు ఇముడుతుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల సెల్సియస్ సమీపంలోనే ఆవిరి కావడం మానుతుంది. ప్రొపేన్ మరుగు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 42 డిగ్రీలు కాబట్టి గడ్డకట్టే చలిలోనూ అది పొయ్యికి అందుతుంది.

1930లలో అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ వంటి ట్రైలర్ ఇళ్లు ప్రాచుర్యంలోకి వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం వాటిలో ప్రొపేన్ పొయ్యి, నీళ్లు కాచే పరికరం, హీటరు సాధారణమయ్యాయి. వీటన్నిటికంటే విలక్షణమైనది ఫ్రిజ్. 1922లో స్టాక్‌హోమ్‌లో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు మోటారు లేకుండా వేడితోనే చల్లదనాన్ని పుట్టించే శోషణ పద్ధతి ఫ్రిజ్‌ను రూపొందించారు. ఇది కారవాన్‌లో చేరిన తరువాత, విద్యుత్తు లేనిచోట వాహనపు గోడలో ఒక చిన్న మంట రాత్రింబవళ్లు వెలుగుతూ ఉండవలసి వచ్చింది. ఆ ఇంట్లో మనిషి నిద్రపోయినా నిప్పు నిద్రపోదు.

4. వాసన: మొదటి హెచ్చరిక

శుద్ధమైన ప్రొపేన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. గాలికంటే అది ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి పోకుండా నేలబారున పరుచుకుంటుంది. గాలిలో 2.1 నుంచి 9.5 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న కారవాన్‌లో 16 ఘనమీటర్ల గాలి ఉంటుంది. ఆ గాలి మొత్తం మండే స్థితికి రావడానికి దాదాపు 600 గ్రాముల ప్రొపేన్ చాలు. నేలబారు పొరలోనే చేరితే అంతకంటే చాలా తక్కువ సరిపోతుంది. భారతీయ గృహాల్లోని సిలిండరులో 14.2 కిలోల ఇంధనం ఉంటుందన్న విషయాన్ని ఈ సంఖ్య పక్కన పెట్టి చూస్తే ప్రమాద పరిమాణం బోధపడుతుంది.

వాసన లేని వాయువుకు వాసన కల్పించాలన్న నియమం ఒక మహావిషాదం నుంచి బలపడింది. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ పాఠశాల భవనం కింద పేరుకున్న సహజవాయువు పేలి దాదాపు 300 మంది మరణించారు. మృతుల్లో అత్యధికులు పిల్లలు. అక్కడ లీకైనది ప్రొపేన్ కాదు. అయినా వాసన లేని వాయువు మూసినచోట ఎంత నిశ్శబ్దంగా చేరుతుందో ఆ ఘటన లోకానికి చెప్పింది. అదే ఏడాది టెక్సాస్ ప్రభుత్వం వాయువుకు వాసన కలపడాన్ని తప్పనిసరి చేసింది. ప్రొపేన్‌కు సాధారణంగా ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. కుళ్లిన ఉల్లినీ, వెల్లుల్లినీ తలపించే దాని వాసనను మనిషి ముక్కు అత్యల్ప పరిమాణంలోనే పసిగడుతుంది. మండే కనీస స్థాయిలో ఐదో వంతు చేరేసరికే వాసన తెలియాలన్నది అమెరికన్ ప్రమాణం.

దీనితోపాటు ఇతర జాగ్రత్తలు కూడా వచ్చాయి. సిలిండరును నివాస భాగం నుంచి వేరుగా, బయటికి మాత్రమే తెరుచుకునే అరలో ఉంచడం, బరువైన వాయువు జారిపోవడానికి ఆ అర అడుగున రంధ్రాలుంచడం, ఎండలో ద్రవం వ్యాకోచించడానికి వీలుగా 80 శాతానికి మించి నింపకపోవడం వాటిలో ముఖ్యమైనవి. చివరి నియమాన్ని మనిషి జాగ్రత్తకు వదిలివేయకుండా, అధికంగా నిండకుండా ఆపే కవాటాన్ని చిన్న సిలిండర్లకు అమర్చాలని ఎన్‌ఎఫ్‌పిఎ 58 ప్రమాణం 1998 ముద్రణలో నిర్దేశించింది.

వాసనకు పరిమితులున్నాయి. నిద్రలో ఉన్నవారిని అది నమ్మకంగా లేపదు. వృద్ధాప్యంలో ఘ్రాణశక్తి సన్నగిల్లుతుంది. కొంతసేపు పీల్చాక ముక్కు దానికి అలవాటుపడుతుంది. లోపల తుప్పుపట్టిన సిలిండరులో మెర్కాప్టాన్ బలం తగ్గవచ్చు. వీటన్నిటికంటే మౌలికమైన పరిమితి వేరొకటి ఉంది. మెర్కాప్టాన్ మంటలో కాలిపోతుంది. అంటే వాసన హెచ్చరించేది మండని వాయువు గురించి మాత్రమే. మండిన వాయువు గురించి అది ఏమీ చెప్పదు.

5. వాసన చెప్పని ప్రమాదం

ఒక కిలో ప్రొపేన్ పూర్తిగా మండడానికి దాదాపు 13 ఘనమీటర్ల గాలి కావాలి. పైన పేర్కొన్న కారవాన్‌లో ఉన్నది 16 ఘనమీటర్లే. సందులన్నీ పూర్తిగా మూసుకుపోయాయనుకుంటే, పొగగొట్టం లేని 3 కిలోవాట్ల హీటరు ఒకటి ముప్పావుగంటలోపే అందులోని ఆక్సిజన్‌ను 21 శాతం నుంచి 18 శాతానికి దించుతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ దహనం అసంపూర్ణమై కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. తలనొప్పి, వికారం, నీరసం మొదటి లక్షణాలు. ప్రయాణపు బడలికకూ వీటికీ తేడా తెలియదు. ప్రమాదాన్ని గుర్తించవలసిన మెదడే ముందుగా మందగించడం ఈ విషం ప్రత్యేకత. బైర్డ్ ఉదంతం దీనికి నిదర్శనం.

ఈ ప్రమాదాన్ని ఎదుర్కోవడంలో మూడు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది ఆక్సిజన్ లోపాన్ని గుర్తించే పైలట్ మంట. గాలిలో ఆక్సిజన్ దాదాపు 18 శాతానికి తగ్గితే ఆ మంట తన స్థానం నుంచి పైకి లేస్తుంది, పక్కనున్న ఉష్ణయుగ్మం చల్లబడుతుంది, కవాటం మూసుకుంటుంది. ఇది తెలివైన ఏర్పాటే. కాని అది కొలిచేది ఆక్సిజన్‌ను, విషవాయువును కాదు. బర్నరు లోపంవల్ల ఆక్సిజన్ తగ్గకముందే విషవాయువు పుడితే ఈ పరికరానికి తెలియదు.

రెండవది గదిగాలితో సంబంధం లేని దహనం. గాలిని బయటినుంచి ఒక గొట్టం ద్వారా తీసుకుని, పొగను మరో గొట్టం ద్వారా బయటికే పంపే హీటర్లు ఇందుకోసం వచ్చాయి. మంట గదిలో ఉన్నట్టు కనిపించినా దాని ఊపిరి గదిది కాదు. బారెంట్స్ గుడిసె ఎదుర్కొన్న వైరుధ్యానికి దొరికిన మౌలికమైన పరిష్కారం ఇదే. వంటపొయ్యికి మాత్రం ఇది వర్తించదు. అందుకే పొయ్యిని గది వెచ్చబరచుకోవడానికి వాడరాదన్న హెచ్చరిక కారవాన్ భద్రతా సూచనల్లో తప్పక కనిపిస్తుంది.

మూడవది కృత్రిమ ఇంద్రియం. జపాన్‌లో ఇళ్లలోకి ప్రొపేన్ విరివిగా ప్రవేశించిన కాలంలో, 1962లో నవోయోషి టగుచి తగరపు ఆక్సైడ్‌తో పనిచేసే వాయు సూచికను కనుగొన్నాడు. వాయువు సోకినప్పుడు ఆ పదార్థపు విద్యున్నిరోధం మారుతుంది, ఆ మార్పు గంటను మోగిస్తుంది. తరువాతి దశాబ్దాల్లో కార్బన్ మోనాక్సైడ్‌కు ప్రత్యేక సూచికలు వచ్చాయి. రెండింటినీ అమర్చే స్థానాలు వేరు. ప్రొపేన్ బరువైనది కనుక దాని సూచిక నేలకు దగ్గరగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ బరువు గాలి బరువుకు దాదాపు సమానం కనుక దాని సూచిక పడక సమీపంలో ఉండాలి. అమెరికాలో సంచార వాహనాల ప్రమాణమైన ఎన్‌ఎఫ్‌పిఎ 1192 ఈ రెండు రకాల హెచ్చరికలనూ కోరుతుంది. ఒకే ఇంధనానికి రెండు గంటలు అవసరమయ్యాయంటే, మొదటి హెచ్చరిక రెండవ ప్రమాదాన్ని పట్టలేదని అంగీకరించినట్టే.

6. భారతీయ అనుభవం

1830–31లో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చేసినప్పుడు పరివారంతో, డేరాలతో తరలివెళ్లాడు. అటువంటి యాత్రల్లో పొయ్యి సాధారణంగా ఆరుబయట, పడక డేరాలో ఉంటుంది. 1950లలో బొంబాయిలో మొదలైన ఎల్.పి.జి. పంపిణీ, 1965లో కలకత్తాలో మొదలైన ఇండేన్ సేవలు క్రమంగా ఈ దూరాన్ని చెరిపివేశాయి. నేడు తెలుగు రాష్ట్రాల నుంచి కాశీకీ, చార్‌ధామ్‌కూ వెళ్లే బస్సుల్లో వంటమనిషీ, వంటపాత్రలూ, సిలిండరూ తోడు వెళ్లడం పరిపాటి. మన సిలిండరులో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. హిమాలయ ప్రాంతపు చలిలో అది సరిగా ఆవిరి కాదు. సిలిండరును మనుషులు పడుకునే గదిలోకే తెచ్చుకోవాలన్న ప్రలోభం అక్కడ పుడుతుంది.

గత కొద్ది సంవత్సరాల్లో జరిగిన మూడు ఘటనలు ఈ చరిత్రలోని మూడు ఘట్టాలను వేరువేరుగా గుర్తుచేస్తాయి. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో ఒక విడిదిగృహంలో మూసిన గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని నిద్రించిన 8 మంది కేరళ పర్యాటకులు మరణించారు. వారిలో నలుగురు పిల్లలు. 2023 ఆగస్టు 26న తమిళనాడులోని మదురైలో నిలిపి ఉంచిన యాత్రికుల రైలుపెట్టెలో, నిబంధనలకు విరుద్ధంగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండరు వల్ల చెలరేగిన మంటల్లో లక్నో నుంచి వచ్చిన యాత్రికుల బృందానికి చెందిన 9 మంది చనిపోయారు. 2024 డిసెంబరులో కేరళలోని వటకరలో రోడ్డు పక్కన నిలిపిన కారవాన్‌లో ఇద్దరు విగతజీవులై కనిపించారు. జనరేటరు నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడే కారణమని దర్యాప్తులో తేలింది.

మదురైలో జరిగింది మండే వాయువు ప్రమాదం. దామన్‌లో జరిగింది మండిన వాయువు ప్రమాదం. వటకరలో ఇంధనం ప్రొపేన్ కాకపోయినా కథ బైర్డ్ గదిదే. రైల్వేచట్టం, 1989 ప్రమాదకర వస్తువులను రైలులో తీసుకువెళ్లడాన్ని నిషేధించి శిక్షలను నిర్దేశించింది. అంటే మొదటి రకం ప్రమాదం చట్టపు దృష్టిలోనూ, ప్రజల దృష్టిలోనూ స్పష్టంగా ఉంది. రెండవ రకం అంత స్పష్టంగా లేదు. దీనికి భాష కూడా ఒక కారణం.

7. ‘ఊపిరాడక’ అనే మాట

దామన్ వంటి ఘటనలను తెలుగు పత్రికలు సాధారణంగా ‘ఊపిరాడక మృతి’ అనే శీర్షికతో ప్రచురిస్తాయి. ఊపిరాడకపోవడం అన్న మాట వినగానే ఉక్కిరిబిక్కిరై, కొట్టుకుని, తలుపుకోసం వెతుకులాడిన మనిషి కళ్లముందు మెదులుతాడు. పాఠకుడు తన ప్రమేయం లేకుండానే, అటువంటి స్థితి వస్తే తనకు మెలకువ వస్తుందనీ, తలుపు తీయగలననీ భావిస్తాడు. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో జరిగేది దీనికి భిన్నం. ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ప్రతి ఊపిరీ మరికొంత విషాన్ని రక్తంలోకి చేరుస్తుంది. నిద్రిస్తున్న మనిషి మేల్కొనకుండానే స్పృహ కోల్పోతాడు. ఆ శీర్షిక మరణాన్ని తెలుపుతుంది గాని మరణకారణాన్ని కప్పివేస్తుంది.

‘గ్యాస్’ అనే మాట పరిస్థితిని మరింత జటిలం చేస్తుంది. గ్యాస్ అయిపోయింది అంటే ఇంధనం, గ్యాస్ కట్టేయి అంటే పొయ్యి, గ్యాస్ వాసన అంటే లీకు, గ్యాస్ వల్ల చనిపోయారు అంటే ఏదైనా కావచ్చు. ‘గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయవద్దు, కిటికీలు తెరవండి’ అన్న సూచన తెలుగునాట ప్రతి ఇంటికీ చేరింది. ఇది సాధారణ విజయం కాదు. అయితే ఈ వాక్యంలోని ‘వస్తే’ అన్న షరతు చాటున, వాసన రాకపోతే కిటికీ తెరవనక్కరలేదన్న తప్పుడు అన్వయం కూడా జనంలో స్థిరపడింది.

కుంపటి ఉన్న గదిలో తలుపులు బిగించుకుని పడుకోరాదన్న పాత జాగ్రత్తకు వాసనతో నిమిత్తం లేదు. దానికి శాస్త్రీయ వివరణ లేకపోయినా ఆచరణలో అది సరైనది. బొగ్గునిప్పు కళ్లెదుట ఉండేది కనుక భయం కూడా నిలిచి ఉండేది. నీలిరంగు మంటతో, పొగ లేకుండా మండే గ్యాస్ హీటరు ఆ భయాన్ని తొలగించింది. పొగ లేకపోవడాన్ని విషం లేకపోవడంగా పొరబడడం అక్కడే మొదలైంది.

8. ముగింపు

ప్రొపేన్ భద్రతా చరిత్రను మనిషి తన ఇంద్రియాలకు అందనిదాన్ని అందేలా చేసుకున్న ప్రయత్నంగా చూడవచ్చు. మెర్కాప్టాన్ ముక్కుకు అందేలా చేసింది, విద్యుత్ సూచిక చెవికి అందేలా చేసింది. ఒక్కొక్క సంకేతం ఒక్కొక్క ప్రమాదానికే వర్తిస్తుందన్న గ్రహింపు మాత్రం ఆ సంకేతాలంత వేగంగా వ్యాపించలేదు.

ఈ పరిశీలన నుంచి భాషకు సంబంధించి రెండు సూచనలు తేలుతున్నాయి. ఒకటి, దామన్ వంటి మరణాలను నివేదించేటప్పుడు ‘ఊపిరాడక’ అన్న మాటకు బదులు ‘వాసనలేని విషవాయువు’ అన్న వివరణతో కార్బన్ మోనాక్సైడ్ పేరును పేర్కొనాలి. రెండు, సిలిండరు భద్రతా సూచనల్లో ‘వాసన వస్తే’ అన్న వాక్యం పక్కన ‘వాసన రాకపోయినా, మంట వెలుగుతున్న గదిలో కిటికీ తెరిచి ఉంచండి, నిద్రకు ముందు మంట ఆర్పండి’ అన్న వాక్యాన్ని చేర్చాలి. చలియాత్రకు బయలుదేరే బృందాలకు ఈ రెండవ వాక్యం మరింత అవసరం. 1596లో ఆ గుడిసెలోని నావికులను బతికించినది ఒకరు లేచి తెరిచిన తలుపు. అప్పటికి వారింకా నిద్రలోకి జారుకోలేదు.